సన్నని వణుకు, మోటు వణుకు

గుంటూరు పెద్దాసుపత్రి, మానసిక విభాగం మేడ మీద గది.
మూడు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది, అదీ మూలుగుతూ.
పదకొండు మంది నర్సులు, అందులో ఒక్కడే మగవాడు.
ఇన్నేళ్లూ నేను రాసిన మాత్రల్ని లెక్కపెట్టి,
రోగి నాలుక కింద వెతికి మరీ మింగించినవాళ్లు.
ఇవాళ్టి నుంచి వాళ్లకు రాయడం నేర్పాలి.

లిథియంతో మొదలుపెట్టాను.
"మందు సంగతి తర్వాత. ముందు ఇది ఒక ఉప్పు.
ఒంట్లో ఉప్పు తగ్గిందా, మూత్రపిండం దీన్ని చూసి
పోయిన చుట్టం తిరిగొచ్చాడనుకుంటుంది.
వదలదు."
వెనక బెంచీలో సలోమి నవ్వింది.
నవ్వినవాళ్లకు గుర్తుంటుంది. నవ్వనిచ్చాను.

బోర్డు మీద అంకెలు వేశాను, ఎక్కడిదాకా మందు,
ఎక్కడి నుంచి విషం.
అంకెలు పుస్తకంలో దొరుకుతాయి.
పుస్తకంలో రోహిణి కార్తె ఉండదు.
మిర్చి యార్డులో టిక్కీలు మోసే మనిషి
మధ్యాహ్నానికి చొక్కా పిండితే చెంబెడు చెమట.
ఆ చెంబులో ఎంత ఉప్పు పోయిందో
ఏ కంపెనీ కాగితమూ చెప్పదు.
"మాత్ర అదే. డోసు అదే. మనిషి తగ్గిపోయాడు."

"కాబట్టి అడగండి. ఏం పని, నీడ ఉందా,
తాగే నీళ్లు ఎంత దూరం,
బీపీ అని ఎవరైనా ఉప్పు మానిపించారా,
నడుం నొప్పికి కొట్లో బిళ్లలు కొన్నాడా.
ఆ రెండు రూపాయల బిళ్ల
మీ చీటీని తిరగరాస్తుంది."

నూర్జహాన్ రాసుకోవడం ఆపింది.
"ఇవన్నీ మేం అడుగుతూనే ఉన్నాం సార్.
రాత్రి డ్యూటీ పుస్తకంలో రాస్తూనే ఉన్నాం."

కాసేపు ఫ్యాన్ ఒక్కటే మాట్లాడింది.

చెప్పకూడదనుకున్నది చెప్పాను.
పేరు కోటినాగయ్య. పదేళ్ల కిందట, మే నెల.
చేతులు వణుకుతున్నాయంటే భయం అన్నాను.
ఉన్నదానికి ఇంకో మాత్ర కలిపాను.
ముందు రోజు రాత్రి పుస్తకంలో, నీలం సిరాతో:
"కాఫీ గ్లాసు పట్టలేకపోయాడు. రెండుసార్లు వాంతి.
తూలుతున్నాడు. డాక్టరుగారికి చెప్పాలి."
చెప్పాలి అన్న ఆ ఒక్క మాట
నా గది మెట్లు ఎక్కలేక అక్కడే కూర్చుండిపోయింది.
నేను ఆ పేజీ తిప్పలేదు.
కింద సంతకం, ద్రాక్షవల్లి.

ద్రాక్షవల్లి మొదటి వరసలోనే ఉంది.
తల ఎత్తలేదు. పెన్నుకు మూత పెట్టింది, తీసింది.

"లేచి రామ్మా" అన్నాను.
చెయ్యి చాపమని, వేళ్ల మీద తెల్లకాగితం పరిచాను.
"చూడండి, సన్నని వణుకు. అంచు ఒక్కటే అదురుతుంది,
దీనితో బతకొచ్చు.
మోటు వణుకు కాగితాన్ని నేల మీద పడేస్తుంది.
పడిందా, మాత్ర ఆపండి.
ఆపిన తర్వాత నాకు ఫోన్ చేయండి.
నన్ను అడిగి ఆపడం కాదు."
ఆమె వేళ్ల మీద కాగితం అంచు అదురుతోంది.
పట్టుకున్న నా వేళ్లు కూడా. వయసనుకోండి.

ఆఖర్న ఒక కేసు ఇచ్చాను, పది నిమిషాలు.
అందరూ మందు పేరు, మిల్లీగ్రాములు, పూటలు.
ద్రాక్షవల్లి కాగితంలో మొదటి వరస:
"రక్తపరీక్ష. రేపు పొద్దున, మాత్ర వేసుకోకముందు."
రెండోది: "భార్యతో మాట్లాడాలి."
మూడోది ఖాళీ.
ఎన్ని మార్కులు వేయాలో తెలియక
చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను.

అందరూ వెళ్లాక ఏసోబు గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాడు.
"నాగయ్య ఏమయ్యాడు సార్?"

బతికాడు. మాట ముద్దగా వస్తుంది. నడక కుదరలేదు.
టిక్కీ ఎత్తలేడు. యార్డు గేటు దగ్గర
సైకిళ్లకు చీటీలు ఇస్తాడు.
నేను అటు వెళ్తే, చీటీల కట్ట చంకలో ఇరికించుకుని
నాకు దణ్ణం పెడతాడు.
ఆ రెండు చేతులూ ఒకదాన్నొకటి దొరికించుకోవడానికి
కొంచెం సేపు పడుతుంది.
అప్పటిదాకా నిలబడతాను.